గంట లేని మెషీన్

పోయిన వారం ఆ దుప్పటి తీయకుండానే ఆపేశామని చాలామంది పళ్లు నూరుకున్నారట. నూరుకోండి, తప్పులేదు. ఈ వారం తీసేద్దాం. కాకపోతే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లు తెల్లమొహం వేయకుండా ముందు నాలుగు ముక్కలు చెప్పనివ్వండి.

మన గంటక్క కుట్టుమెషీన్ల మెకానిక్. కింద బాబిన్‌లో దారం అయిపోవస్తోందంటే, పూర్తిగా అయిపోకముందే టింగుమని మోగే చిన్న పరికరం కనిపెట్టింది కాబట్టి వీధంతా ఆవిడని గంటక్క అంటుంది. మూరలకు మూరలు కుట్టుకుంటూ పోయి, తీరా చూస్తే కింద దారమే లేదని, కుట్టిందంతా ఉత్త చిల్లులేనని తెలిసి నెత్తి కొట్టుకున్న దర్జీ ఎవరినైనా అడగండి, ఆ టింగు విలువ చెబుతారు. దానికి పేటెంటు ఇమ్మని గంటక్క దరఖాస్తు పెట్టింది. పేటెంటంటే బ్రహ్మవిద్యేం కాదు. ఇది కనిపెట్టింది నువ్వే, కొన్నేళ్లపాటు నీ అనుమతి లేకుండా ఇంకొకరు చేసి అమ్మడానికి వీల్లేదు అని ప్రభుత్వం ఇచ్చే హక్కు. అడ్డుపడింది పరాయివాళ్లు కాదు, సాక్షాత్తూ ఆవిడ బావగారు, మొగుడికి సొంత అన్న. కుట్టుమెషీన్ల ఫ్యాక్టరీ పెట్టి పెద్దమనిషి అయినాయన. గంటక్క గంటకే తన కంపెనీ ముద్ర కొట్టి అమ్మేసుకుంటున్నాడు. ఆవిడకి పేటెంటు వస్తే ఆయన ఆ అమ్మకం కట్టిపెట్టాలి. రాకపోతే గంటక్క తన షెడ్డుకి తాళం వేసుకుని, బావగారి ఫ్యాక్టరీలో తన పరికరాన్నే తాను బిగిస్తూ కూర్చోవాలి.

విచారణ రోజున పేటెంటు అధికారి ముందు బావగారి లాయరు లేచి, "ఆవిడ కనిపెట్టింది కొత్తదేం కాదు సార్, రుజువు తెచ్చాం" అన్నాడు. నలుగురు మనుషులు మూలుగుతూ మెట్లెక్కించి, ఒక వస్తువును తెచ్చి గది మధ్యలో దించారు. దాని మీద దుప్పటి. అదిగో, అక్కడ ఆపాం.

దుప్పటి లాగింది బావగారే. పెళ్లిలో అడ్డుతెర దించినంత సంబరంగా లాగాడు.

గంటక్క చూడగానే గుర్తుపట్టింది. నల్లగా, పొట్టిగా, చెయ్యి ఆనే చోట రంగంతా పోయి ఇనుము తేలిన, కాలితో తొక్కే మెషీన్. పెళ్లై వచ్చిన మొదటి రోజు నుంచీ చూసిన మెషీనే. అత్తగారిది.

"గుర్తుపట్టావా అమ్మాయ్?" అన్నాడు బావగారు. ఎంత తియ్యగా అన్నాడంటే, గంటక్కకి ఒళ్లు మండిపోయింది.

అప్పుడు అధికారి వైపు తిరిగి చెప్పుకొచ్చాడు. "మా అమ్మ మెషీన్ సార్ ఇది. నేను పుట్టకముందు నుంచీ దీని మీద కుడుతోంది. షోరూములో అందరికీ కనిపించేలా పెడదామని తెప్పించాను. రంగు వేయించడానికి విప్పిస్తే లోపల ఉంది చూడండి, అచ్చం ఈ అమ్మాయి కనిపెట్టానంటున్నదే! ఇక ఈ అమ్మాయి కాపురానికొచ్చిన కొత్తలో మా ఇంట్లోనే ఉంది. ఆ గదిలోనే తిరిగింది. ఎక్కడ చూసి ఎక్కడ నేర్చుకుందో నేను వేరే చెప్పాలా?"

"నేను దాన్ని ముట్టుకోను కూడా లేదు!" గంటక్క లేచి నిలబడింది. "అత్తయ్య ఎవర్ని ముట్టుకోనిచ్చింది గనక బావగారూ? చిన్నప్పుడు మీరు సరదాగా చక్రం తిప్పితే చెక్క స్కేలు విరిగేదాకా బాదిందని మీరే కదా చెప్పింది!"

మూల కూర్చుని రాసుకుంటున్న గుమస్తా కిసుక్కున నవ్వి, నవ్వలేదన్నట్టు దగ్గాడు. బావగారి చెవులు ఎర్రబడ్డాయి.

పక్కనున్న తన తరఫు లాయరమ్మ గంటక్క మోచెయ్యి పట్టి కూర్చోబెట్టింది. చిన్న మనిషి, గొంతు ఇంకా చిన్నది, తెలివి మాత్రం పాదరసం. "ఆవేశపడకు. మెషీన్ పాతదే, లోపలిది పాతదని ఏంటి నమ్మకం? ఆయనకి ఫ్యాక్టరీ ఉంది, మనుషులున్నారు. పోయిన నెల పెట్టించి ఉండొచ్చు. విప్పి చూసి, ఇది కొత్తగా దూర్చిందని నువ్వొక్క మాట చెప్పు. మిగతాది నాకు వదిలెయ్."

అధికారి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ముక్కు మీద రెండు ఎర్రటి గుంటలు పడేంత బరువైన కళ్లజోడు. "ఎవరు విప్పుతారు?" అన్నాడు.

బావగారి వైపు ఎవరూ కదల్లేదు. ఫ్యాక్టరీ ఉందే గానీ, స్క్రూడ్రైవర్ ఏ చివర పట్టుకోవాలో బావగారు ఈ జన్మకి నేర్చుకోలేదు. మెకానిక్‌ని వెంటబెట్టుకురావాలన్న ఆలోచన వాళ్ల లాయరుకు తట్టలేదు. ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆవిడనే విప్పమనండి సార్," అన్నాడు బావగారు చివరికి, ధీమాగా. "ఆవిడ నోటితోనే చెప్పిస్తే మాకింకా మంచిది."

గంటక్క సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీసింది. నిజం చెప్పుకోవాలంటే అప్పటికే మనసులో మాట సిద్ధం చేసుకుంది. కొత్త తీగ మెరుస్తుంది, కొత్త స్క్రూ తల మీద గీతలుండవు, కొత్త నూనె వాసన ఇట్టే తెలిసిపోతుంది. దొంగచాటుగా దూర్చిన ముక్క ఎక్కడుందో చూపించి, బావగారి మొహాన కొట్టి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లిపోవచ్చు అనుకుంది.

సూది కింది ఇనుప బిళ్ల జరిపింది. మెషీన్ తలను వెనక్కి వంచి పెట్టింది. దీపం దగ్గరికి లాక్కుని వంగి చూసింది.

చూసింది, అంతే. వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది.

బాబిన్ గూడు పక్కన సన్నటి ఇనుప వేలు ఉంది. తన పరికరంలో ఉండే వేలే. దారం కండె మీద ఆని, దారం తగ్గేకొద్దీ లోపలికి దిగే వేలు. కానీ దుకాణంలో కొన్న తీగ కాదది. గొడుగు ఊచ. విరిగిన గొడుగులోంచి తీసిన ఊచను ఎవరో సాన మీద అరగదీసి, కొసన గోరంత వంపు తిప్పారు. దాన్ని పట్టి ఉంచింది ఒక రేకు ముక్క. ఏదో డబ్బా మూత కత్తిరించింది, అంచు మీద ఇంకా పచ్చ రంగు ఉంది. అక్కణ్ణుంచి ఒక తీగ బల్లకాలు వెంబడి కిందికి దిగింది. దిగే దారిలో ఆ చెక్క మీద గాడి పడింది. ఎవరో చెక్కిన గాడి కాదు, తీగ కదిలి కదిలి, ఏళ్ల తరబడి రాసుకుని రాసుకుని తనంతట తాను చేసుకున్న గాడి. లోపల ఎండిపోయిన నూనె తేనెరంగు తిరిగి గట్టిపడి ఉంది. ఫ్యాక్టరీ మొత్తం కూర్చున్నా ఆ గాడిని నెల రోజుల్లో చేయలేరు.

గంటక్క వేలితో ఆ గాడిని తడిమింది. వేలి కొస కరెక్టుగా పట్టింది.

"ఏమైందమ్మా?" అన్నాడు అధికారి.

"ఒక్క నిమిషం సార్." గంటక్క తల ఎత్తలేదు. "తిప్పి చూస్తాను."

చేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పింది. అప్పుడు చూసింది అసలు సంగతి. తన పరికరంలో వేలు ఎప్పుడూ దారాన్ని ఆనుకునే ఉంటుంది. ఆనుకుని ఉండడం వల్ల సన్నదారంతో కుట్టేటప్పుడు కుట్టు వదులైపోతుంది. ఆ ఒక్క లోపంతో ఏళ్ల తరబడి కుస్తీ పడుతోంది గంటక్క. స్ప్రింగులు మార్చింది, వేలును పలచన చేసింది, కోపమొచ్చి గోడకేసి కూడా కొట్టింది. లాభం లేకపోయింది. ఈ గొడుగు ఊచ మాత్రం ఆనుకుని లేదు. చక్రం తిరిగినప్పుడల్లా వచ్చి, దారాన్ని ఇలా తాకి, అలా వెనక్కి వెళ్లిపోతోంది. కోడి గింజను పొడిచినట్టు. దారం ఉంటే తగిలి వెనక్కి వస్తుంది. దారం పలచబడితే తగలదు, ఇంకాస్త ముందుకు వెళ్తుంది, వెళ్లి ఆ తీగను లాగుతుంది. అంతే! ఆనుకోకుండా తాకితే చాలునని ఎవరికి తోచింది? తనకెందుకు తోచలేదు?

"అయ్య బాబోయ్," అంది పైకే. "అయ్య బాబోయ్, ఎంత తేలిక!"

లాయరమ్మకి చెమటలు పట్టాయి. ఇలాంటి మాటలు ఎవరూ శత్రువు తెచ్చిన రుజువును చూసి అనరు.

గంటక్క ఇప్పుడు ఎవరినీ చూడ్డం లేదు. దారం దాదాపు అయిపోయిన బాబిన్ ఒకటి సంచీలోంచి వెతికి తీసి పెట్టింది. బావగారు లాగి పడేసిన దుప్పటి అంచునే సూది కింద పెట్టింది. మెషీన్ తలను తిరిగి నిలబెట్టి, చెప్పులు విడిచి తొక్కడానికి కూర్చుంది. మెషీన్ కదిలింది. ఎంత మెత్తగా కదిలిందంటే, అధికారి మళ్లీ కళ్లజోడు పెట్టుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కుట్టు పడుతోంది. జానెడు, మూరెడు, ఇంకాస్త. అందరూ గంట కోసం చెవులు రిక్కించారు.

గంట మోగలేదు.

"పని చేయడం లేదు!" అంది లాయరమ్మ ప్రాణం లేచొచ్చినట్టు. "చూశారా సార్, ఉత్త డొల్ల!"

గంటక్క కాళ్లు మాత్రం ఆగిపోయి ఉన్నాయి. కళ్లు పెద్దవయ్యాయి.

"పని చేసింది," అంది నెమ్మదిగా. "నా అరికాలికి తగిలింది."

వంగి తొక్కుడుపలక కింద చూసింది. పలకకి ఒక రంధ్రం. అందులోంచి చిటికెన వేలంత కొయ్యమేకు. తీగ లాగగానే పైకి లేచి అరికాలిని తడుతుంది. పిల్ల వచ్చి అమ్మ పాదం మీద తట్టినట్టు. చప్పుడు లేదు, హడావిడి లేదు. కుట్టే మనిషికి తప్ప గదిలో ఇంకెవరికీ తెలియదు.

"గంట ఎందుకు లేదంటే..." అధికారి వైపు తిరిగింది. "మా మామగారికి రాత్రి డ్యూటీ సార్. పగలంతా పక్కగదిలో నిద్రపోయేవారు. గిన్నె చప్పుడైతే ఇల్లు ఎగిరిపోయేది. గంట మోగితే ఇంకేమన్నా ఉందా? అందుకని మా అత్తయ్య కాలికి చెప్పించుకుంది."

రాస్తున్న గుమస్తా కలం ఎత్తి పట్టుకుని ఆ మెషీన్ వంకే చూస్తున్నాడు. చివరికి బావగారు కూడా, అమ్మ మెషీన్ పక్కన ఆడుకుంటూ పెరిగిన ఆయన కూడా, ఆ కొయ్యమేకును మొదటిసారి చూసినట్టు చూశాడు. మొదటిసారే మరి. ఆయన మనుషులు పైభాగం విప్పారే గానీ, కింద చూడాలన్న ఆలోచన ఎవరికొచ్చింది?

"చెప్పండమ్మా," అన్నాడు అధికారి. "ఈ అమరిక కొత్తగా పెట్టించిందా, పాతదా?"

లాయరమ్మ పక్కకొచ్చి గంటక్క పాదం తొక్కింది. ఒక్క మాట చాలు. కొత్తదని ఆవిడంటే కాదనగల మొనగాడు ఆ గదిలో లేడు. షెడ్డు నిలుస్తుంది, పేరు నిలుస్తుంది, బావగారి నోరు మూతపడుతుంది. గంటక్క ఆ గాడి వంక ఇంకోసారి చూసింది. దాన్ని చూసిన కళ్లతో అబద్ధమెలా చెప్పడం?

"పాతదే సార్. మా బావగారి వయసుంటుంది. నా దానికన్నా మంచిది కూడా."

బావగారు తొడ చరచలేదు గానీ, అంత పనీ చేశాడు. లాయరమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తెరిచి, వెంటనే లేచింది. పాదరసమని ఊరికే అన్నామా?

"పాతదైతే కానివ్వండి సార్. ఇది ఇన్నేళ్లుగా ఎవరికి తెలుసు? కన్నకొడుక్కే తెలియదు. ఏ దుకాణంలోనూ లేదు, ఏ పుస్తకంలోనూ లేదు. నలుగురికీ తెలిసింది అయితేనే కదా కొత్తది కాదనడానికి? ఒక గదిలో ఒక మనిషి అరికాలికి మాత్రమే తెలిసినదాన్ని లోకానికి తెలిసిందని ఎలా అంటాం? మా క్లయింటు లోపల చూడలేదు. తన ఆలోచనతో తాను చేసుకుంది. చట్టం అడిగేది అంతే."

అధికారి తల పంకించాడు. ఆ పంకించడంలో గంటక్క వైపు కాస్త మొగ్గు కనిపించింది. "మెషీన్ గల ఆవిడ వచ్చారా?" అని అడిగాడు.

వచ్చింది. బావగారే సాక్ష్యానికని తీసుకొచ్చి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాడు. గుమస్తా వెళ్లి పిలుచుకొచ్చాడు.

అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. బిళ్ల తెరిచి, నలుగురి మధ్య నిలబెట్టిన తన మెషీన్‌ని చూసింది. తర్వాత పెద్దకొడుకుని చూసింది.

"రంగు వేయిస్తానని కదరా తీసుకెళ్లావు?"

బావగారు నీళ్లు నమిలాడు. "అది కాదమ్మా, ఇక్కడ కొంచెం అవసరమై..."

"అవసరం నాకు తెలీదనుకున్నావా? తమ్ముడి పెళ్లాం నోట్లో మట్టి కొట్టడానికి నా మెషీనే దొరికిందా నీకు?"

"అమ్మా, మీరు కూర్చోండి," అన్నాడు అధికారి మర్యాదగా. "మీరు చేసిన ఈ ఏర్పాటు గురించి ఇంటి బయట ఎవరికైనా తెలుసా? అదొక్కటి చెబితే చాలు."

గంటక్క ఆగలేకపోయింది. వెళ్లి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "అత్తయ్యా, ఇంతకాలం మీ పక్కనే ఉన్నాను. ఒక్కసారి కూడా చెప్పలేదేంటి? ఆ వేలు అలా తాకి వెళ్లాలని మీకెలా తోచింది? నేను ఏళ్ల తరబడి తల బద్దలుకొట్టుకున్నాను. మీరు గొడుగు ఊచతో చేసి పడేశారు. మీ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తోంది."

అత్తగారు ఇబ్బందిగా చేతులు వెనక్కి లాక్కుంది. మెషీన్ వంక చూసింది, కోడలి వంక చూసింది.

"నా కాళ్లకెందుకే," అంది. "అది చేసింది నేను కాదు."

"మరి?"

"మీ అమ్మ."

అత్తగారు మెషీన్ మీద చెయ్యి వేసింది.

"పెళ్లి కాకముందు మీ అమ్మా నేనూ ఒకే చోట కుట్టు నేర్చుకున్నాం. మీ అమ్మకి ఏ వస్తువు కనబడినా విప్పందే తోచేది కాదు. ముందు తన మెషీన్‌కి పెట్టుకుంది. తర్వాత ఇంట్లో మీ మామగారి నిద్రతో నేను పడే పాట్లు చూసి నాకూ పెట్టింది, తన దాంట్లోలాగే చప్పుడు చేయని ఈ కొయ్యమేకుతో. ఎవరికీ చెప్పకే, ఆడది మెషీన్ విప్పిందంటే నవ్వుతారు అని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు కోసమే ఇన్నేళ్లూ దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నీ సంబంధం మా ఇంటికి ఎలా వచ్చిందనుకున్నావు?"

గంటక్క బల్ల అంచు పట్టుకుంది.

ఊళ్లో తాను విప్పని మెషీన్ లేదని ఆవిడకి గర్వం. ఇప్పుడు తెలిసొచ్చింది, తాను విప్పింది రిపేరుకు వచ్చిన వాటినే. అత్తగారి మెషీన్ ఏనాడూ పాడవలేదు. అమ్మ మెషీనూ అంతే. పాడవని మెషీన్ని ఏ మెకానిక్ విప్పుతాడు?

ఇంకోటి కూడా తెలిసొచ్చింది. అసలు ఈ పరికరం చేయాలని తనకెందుకు పుట్టింది? చిన్నప్పటి నుంచీ అమ్మ కుట్టడం చూసింది కాబట్టి. అమ్మ సరిగ్గా దారం అయ్యే ముందు ఆగేది. ఏనాడూ ఒక్క చిల్లు కుట్టు వేయలేదు. పెద్దయ్యాక వేరే దర్జీల దగ్గర పని చేసినప్పుడు, వీళ్లందరికీ అమ్మకి తెలిసినట్టు ఎందుకు తెలియదు, వీళ్లకి తెలిసేలా ఏదైనా చేయలేమా అనుకుంది. అదే మొదలు. అమ్మ చేతిలో మహిమ ఉందనుకుంది గానీ, లోపల ఇనుప వేలు ఉందనుకోలేదు.

తన పరికరం పూర్తయిన రోజున మొదట అమ్మకే చూపించింది. అమ్మ చక్రం తిప్పింది. వేలును చూసి ఇదేమిటని అడగలేదు. ఎలా పనిచేస్తుందని అడగలేదు. టింగుమన్నాక మాత్రం ఉలిక్కిపడి, "గంట పెట్టావా! అందరికీ వినబడేలా!" అంది. కళ్లు తుడుచుకుంది. ఆనందం అనుకుంది కూతురు.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీ దరఖాస్తులో ఒక మాట రాసి సంతకం చేశారు. ఈ ఆలోచన పూర్తిగా మీ సొంతమని, ఎవరి దగ్గరా తీసుకున్నది కాదని. మిమ్మల్ని ఇరకాటంలో పెట్టాలని కాదు, అడగడం నా బాధ్యత. ఆ మాట ఇప్పుడు కూడా చెప్పగలరా?"

"చెప్పగలను అను," గొణిగింది లాయరమ్మ. "నువ్వు ఆ మెషీన్ లోపల చూడలేదు. అబద్ధం కాదు. అను!"

బావగారు కుర్చీ అంచుకు జరిగాడు. అత్తగారు కోడలి మొహంలోకే చూస్తోంది. ఔనని గానీ కాదని గానీ ఆవిడ కళ్లు చెప్పలేదు.

గంటక్క స్క్రూడ్రైవర్ సంచీలో పెట్టుకుంది. విడిచిన చెప్పులు వేసుకుంది.

"ఇందాకటిదాకా చెప్పగలిగేదాన్ని సార్," అంది. "ఇప్పుడు మా అమ్మని అడిగి రావాలి."